పట్టేవైపు ఎవరున్నారు

మూడో అంతస్తు, వీధివైపు గది

అక్కా,

కవరు మీద నా చేవ్రాత చూడగానే ముఖం ముడుచుకుని ఉంటావు. నాన్న పోయిన రోజున మనిద్దరం విసురుకున్న మాటలు నీకూ గుర్తున్నాయి, నాకూ గుర్తున్నాయి. అయినా రాస్తున్నాను. గతిలేక రాస్తోంది అనుకుంటే అనుకో, ఏమీ అనుకోను.

సంగతి నా కూతురిది. పంతొమ్మిది నిండాయి. నా ఎడమచేతి రెండు వేళ్ళూ పోయాక నేను వాయించలేకపోయినదంతా ఇదైనా వాయిస్తుందని ఆరో ఏటే దాని చేతికి వయొలిన్ ఇచ్చాను. ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా కాపాడి, పెద్ద ఆర్కెస్ట్రా గుమ్మందాకా తీసుకొచ్చాను. తీరా ఇప్పుడు ఎవడో డ్రమ్ములు కొట్టేవాడు తగులుకున్నాడు. హోటళ్ళలో పాడేవాళ్ళ వెనక కూర్చుని దబదబా బాదుతాడు, అదీ వాడి ఉద్యోగం. ఇది సాధన మానేసి కాళ్ళకు బలపం కట్టుకుని వాడి వెంట తిరుగుతోంది. తిట్టాను, తలుపేసుకుంది. కొట్టాను, నవ్వింది. మీ మరిదికి చెప్పుకోవడమూ గోడకి చెప్పుకోవడమూ ఒకటే.

దాన్ని కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకో. లాండ్రీలో ఏ పనైనా చెప్పు, కాదనదు. వాడి కంటికి దూరంగా ఉంటే చాలు. వయొలిన్ కూడా ఇచ్చి పంపుతాను, సాయంత్రాలు సాధన చేసేట్టు చూడు.

నీ మీద నాకు ఏదో కక్ష ఉందని నువ్వు అనుకుంటావేమో. లేదక్కా, ఒట్టు. ఆ రోజు నాకు అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. మన లాండ్రీలో దుప్పటి అంచు ఇస్త్రీ రోలర్ కింద పెట్టే మనిషిని నేను, పెడల్ తొక్కి అవతల పట్టే మనిషివి నువ్వు. మనింటి పద్ధతి ప్రకారం తొక్కేముందు నువ్వు "చేతులు?" అని అడిగావు. నేను "పైనే" అన్నాను. పైన లేవు. ముడత సర్దుతూ ఇంకా కిందే ఉన్నాయి. వయొలిన్ పాఠానికి ఆలస్యమవుతోందని నా ఆత్రం. పదకొండేళ్ళ దాన్ని, తెలివెక్కడ ఏడ్చింది? తప్పు నాదే. నువ్వూ చిన్నదానివే, పాపం, నాకంటే ఎక్కువ ఏడ్చావు.

అమ్మ పోయాక అమ్మవి నువ్వే అయ్యావు. కాదనకు.

నీ చెల్లి

*

లాండ్రీ, వెనకగది

చెల్లీ,

నాలుగేళ్ళ తర్వాత అక్క గుర్తొచ్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. దాటాక నన్నేమంటావో నాకు తెలియనిది కాదు.

ముందు ఒక మాట. ఆ ఏడుపులు నాకు అంటగట్టకు. ఆ రోజు నేను ఆ గదిలోనే లేను. మేడమీద తీగల దగ్గర ఆస్పత్రి దుప్పట్లు ఆరేస్తున్నాను. నీ కేక విని మెట్లు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. పట్టేవైపు ఉన్నది నాన్న. నేను చేసిందీ ఏమీ లేదు, నువ్వు పెద్దమనసు చేసుకుని నన్ను క్షమించాల్సిందీ ఏమీ లేదు. అక్క మెడలో ఒక గంట కట్టి, తర్వాత దయతో విప్పుతానంటే నేను ఊరుకోను.

పిల్లని పంపు. మడతలు పెట్టే ఆవిడ మోకాళ్ళ నొప్పులని మానేసింది. రెండు హోటళ్ళూ ఒక ఆస్పత్రీ నా పీకల మీద కూర్చున్నాయి. నాకు కావలసింది పనికి మనిషి, ముద్దు చేసుకోవడానికి కూతురు కాదు. పొద్దున్నే లేవాలి, సాయంత్రందాకా నిలబడాలి, పెట్టిన తిండి తినాలి. వయొలిన్ సంగతి నన్నడగకు. ఆవిరి గదిలో చెక్కపెట్టె ఏమవుతుందో నీకే తెలియాలి.

అక్క

*

మూడో అంతస్తు

మా అక్క బంగారం,

నీ ఉత్తరం చదివి మీ మరిది కూడా నవ్వారు. "మీ అక్క కొబ్బరికాయే, పైన పీచు, లోపల నీళ్ళు" అన్నారు. ఆయన నోటినుంచి ఈ సంవత్సరంలో వచ్చిన పెద్ద వాక్యం ఇదే.

పిల్ల శుక్రవారం బండికి వస్తోంది. రోలర్ దగ్గరికి మాత్రం పోనివ్వకు. నవ్వకు, నాకు ఇప్పటికీ దడ. నువ్వు మేడమీద ఉన్నానంటే ఉన్నావేమోలే, నేనెక్కడ చూశాను, నొప్పితో కళ్ళు తిరుగుతుంటే. డ్రమ్ములవాడు ఉత్తరాలు రాస్తే దానికి చేరనివ్వకు. నీ కడుపు చల్లగా ఉండాలి.

చెల్లి

*

లాండ్రీ, వెనకగది

చెల్లీ,

మూడు నెలలయింది, ఒక ముక్క రాయలేదని నిష్ఠూరమాడావు. రాయడానికి తీరిక ఏది? తీరిక ఉన్నప్పుడు నీ కూతురితో కబుర్లు చెబుతున్నాను.

ఇలాంటి పిల్లని కన్నానని నాకెప్పుడూ చెప్పలేదేమే? వచ్చిన వారానికే మడతలు పట్టేసింది. మూలలు కత్తిరించినట్టుంటాయి. దుప్పటి ఒక్కసారి విదిలించి, ఆ చప్పుడు విని "పెద్దమ్మా, ఇది ఇంకా పచ్చిగానే ఉంది" అంటుంది. ముట్టుకుని చూస్తే నిజంగానే పచ్చి. ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, నాకు ఆ చెవి లేదు. పక్క రొట్టెల కొట్టు ఆవిడ "మీ అమ్మాయా?" అని అడిగింది. అవునన్నాను. తప్పా? అక్క కూతురైనా చెల్లెలి కూతురైనా కూతురేగా.

రోలర్ దగ్గరికి పోనివ్వకు అన్నావు. పోకుండా లాండ్రీ ఎలా నడుస్తుంది? పెట్టేవైపు అది, పట్టేవైపు నేను. నేను "చేతులు?" అంటే అది "పైనే" అని రాగం తీస్తుంది. పనివాళ్ళందరూ నవ్వుతారు.

మొన్న భోజనాల దగ్గర నీ చెయ్యి ఎలా పోయిందని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న ఊళ్ళోనే లేడు. పట్టేవైపు నేనే ఉన్నాను. నీ కేక వినగానే పెడల్ వదిలేసి, ఇద్దరు మగవాళ్ళు ఎత్తే రోలర్ పిడిని ఒంటిచేత్తో పైకి లేపి నీ చెయ్యి లాగాను. నా గౌను చింపి కట్టు కట్టి, నిన్ను భుజాన వేసుకుని ఆస్పత్రిదాకా పరిగెత్తాను. నేను అక్కడ లేకపోతే మణికట్టు దాకా పోయేదని డాక్టరే అన్నాడు. ఇదంతా విని దాని కళ్ళు నిండిపోయాయి. నా చెయ్యి తీసుకుని చెంపకి ఆనించుకుంది. నన్ను అలా ఎవరూ ముట్టుకుని చాలా ఏళ్ళయింది.

ఇంక అసలు మాట. దాన్ని నాకు వదిలెయ్యి. ఈ లాండ్రీ, పైగది, అన్నీ దానికే. బోర్డు మీద "పెద్దమ్మా కూతురూ" అని రాయిస్తాను. వయొలిన్ బీరువా మీద ఉంది. అది అడగలేదు, నేను దించలేదు.

అక్క

*

మూడో అంతస్తు

అక్కా,

దించు. ఈ ఉత్తరం చదవగానే స్టూలేసుకుని ఎక్కి ఆ పెట్టె దించు.

ఆర్కెస్ట్రాలో రెండో వరసలో ఒక వయొలిన్ చోటు ఖాళీ అయింది. నెలాఖరున వాయించి చూపించాలి. ఇలాంటిది పదేళ్ళకోసారి వస్తుంది. నేను చిన్నప్పట్నుంచీ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఎదురుచూసింది దీనికోసమే. దాన్ని వెంటనే పంపించు.

నువ్వు నా బిడ్డ చేత మురికి దుప్పట్లు విదిలిస్తూ "ఎంత మంచి చెవి!" అని మురిసిపోతున్నావు. ఆ చెవిని నేను పెంచాను. వేరేవాళ్ళు నాటిన చెట్టు కింద నిలబడి కాయలు ఏరుకోవడం నీకు వెన్నతో పెట్టిన విద్య. "పెద్దమ్మా కూతురూ" అని బోర్డా? సిగ్గులేదూ?

ఇంక నిన్ను కాపాడను. ఇన్నాళ్ళూ అక్కవు కదా అని నోరు కట్టుకున్నాను. ఆ రోజు నువ్వు "చేతులు?" అని అడగలేదు. అడగలేదు, నాకు గుర్తుంది. ఆ పొద్దున నాన్న నాకు వయొలిన్‌కి కొత్త కమాను కొని తెచ్చాడు. నీ చెప్పులు తెగి నెలయినా ఆయనకి కనబడలేదు. రోలర్ మీదుగా నీ ముఖం చూశాను. నువ్వు నవ్వుతున్నావు. నవ్వుతూ తొక్కావు. ఒంటిచేత్తో పిడి ఎత్తావా? నువ్వు కదల్లేదు. నాన్న వచ్చి ఎత్తాడు.

నా వేళ్ళు తిన్నది చాలు. నా కూతుర్ని తినకు.

*

లాండ్రీ

ఏమే,

నీ మొదటి ఉత్తరం నా ఎదురుగా బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. "నువ్వు చేతులు అని అడిగావు, నేను పైనే అన్నాను, తప్పు నాదే." ఇది ఎవరి రాత? పిల్లని నా నెత్తిన దింపాలనుకున్నప్పుడు తప్పు నీది. లాక్కోవాలనుకున్నప్పుడు నాది. ఏ ఎండకి ఆ గొడుగు పట్టడం నీ తర్వాతే ఎవరైనా.

నా సంగతి వేరు. నేను ఎప్పుడూ ఒకటే చెబుతున్నాను, అప్పుడూ ఇప్పుడూ.

సరే, విప్పమన్నావు కాబట్టి మూట పూర్తిగా విప్పుతాను. దానికి వారం ముందు మీ వయొలిన్ మాస్టారు మన గుమ్మంలో నిలబడి నాన్నతో అన్నాడు: "ఈ పిల్లకి చెవి లేదండీ. డబ్బూ టైమూ దండగ, మాన్పించండి." తలుపు వెనక నేనున్నాను. నువ్వూ ఉన్నావు. నాన్న నీకు చెప్పలేక, నువ్వు విన్నావని తెలియక, ఆ కమాను కొని తెచ్చాడు, పిచ్చి మారాజు. మర్నాడు నేను "చేతులు?" అని అడిగాను. రెండుసార్లు అడిగాను. నువ్వు నా కళ్ళలోకి చూసి "పైనే" అన్నావు. కావాలని పెట్టావే నువ్వు. వేళ్ళుంటే ఒట్టి చేతకానిదానివి. వేళ్ళు పోయాయి కాబట్టి గొప్ప విద్వాంసురాలు కావలసిన దురదృష్టవంతురాలివి. ఆ రెండు వేళ్ళ పేరు చెప్పుకుని నాన్న దగ్గర, మొగుడి దగ్గర, చివరికి కన్నపిల్ల దగ్గర కూడా బతికావు.

ఇదంతా నీ కూతురికి నిన్న చెప్పాను. వినలేనని చెవులు మూసుకుంది. దాని చేతులు పక్కకి లాగి మరీ చెప్పాను. తల్లి ఎలాంటిదో తెలుసుకుంటే ఇక్కడే కాలు నిలుస్తుంది.

*

మూడో అంతస్తు

నీకు పిల్లలెందుకు పుట్టలేదో ఇన్నాళ్ళకి అర్థమైంది. ఏ బిడ్డా నీ కడుపున పడటానికి ఒప్పుకోలేదు.

చెవి లేదని మాస్టారు అన్నది నిన్ను. ముందు పాఠాలకి వెళ్ళింది నువ్వే. రెండు నెలలు పిల్లి గోల పెట్టి, ఆయన పంపించేస్తే, మూలన పడ్డ ఆ వయొలిన్ నేను తీసుకున్నాను. అది మర్చిపోయావా? నీకు అక్కర్లేనివన్నీ భలే మర్చిపోతావు.

నీ కూతురో నా కూతురో అది తేల్చుకుంటుంది. నువ్వు నవ్వుతూ తొక్కిన సంగతి దానికి విడిగా రాశాను, నీ చేతికి చిక్కకుండా రొట్టెల కొట్టు చిరునామాకి పంపాను. ఎనిమిది పేజీలు. నా చేతి ఫొటో కూడా పెట్టాను, దగ్గర్నుంచి తీయించి.

ఆదివారం వస్తున్నాను. గుమ్మంలో అడ్డం నిలబడితే ఊరుకోను.

*

సముద్రం దగ్గర, సంగీత వాద్యాల దుకాణం పైగది

అమ్మకీ, పెద్దమ్మకీ,

ఒకే ఉత్తరం రెండుసార్లు రాసి ఇద్దరికీ పంపుతున్నాను. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి రాశానని అనుకోకుండా.

నేను వెళ్ళిపోయి అయిదు నెలలు దాటింది. ఆ ఆదివారం అమ్మ లాండ్రీకి వచ్చేసరికి నేను లేనందుకు మీరిద్దరూ ఒకర్నొకరు ఎంత తిట్టుకున్నారో రొట్టెల కొట్టు ఆవిడ రాసింది. మీరు దూరం పెట్టామనుకున్న మనిషి, డ్రమ్ములు వాయించే అతను, ప్రతి వారం వచ్చేవాడు. పెద్దమ్మ అతన్ని కుళాయిలు బాగుచేసేవాడనుకుని టీ కూడా ఇచ్చింది. అతను నిజంగానే రెండు కుళాయిలు బాగుచేశాడు.

మీ మీద కోపంతో వెళ్ళలేదు. భయమేసి వెళ్ళాను. మీరు రాసుకున్న ఉత్తరాలు చదివాను. అమ్మకి నన్ను పంపాలన్నప్పుడు ఒకలా గుర్తొచ్చింది, రప్పించాలన్నప్పుడు ఇంకోలా. పెద్దమ్మకి నేను అక్కర్లేనప్పుడు ఆ గదిలోనే లేదు. నేను కావాల్సి వచ్చేసరికి పిడి ఎత్తింది. మీరు అబద్ధాలాడారని అనను. చెబుతున్నప్పుడు పెద్దమ్మ ముఖం చూశాను, అమ్మ పంపిన ఎనిమిది పేజీలూ చదివాను, ఇద్దరూ నమ్మే చెప్పారు. అందుకే భయమేసింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని పెద్దమ్మే అంటుంది కదా. ఆ ఎలుకని నేను.

ఇప్పుడు నాకు ఏడో నెల. అప్పుడప్పుడు రక్తం కనబడుతోంది. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అతను సాయంత్రాలు వాయించడానికి వెళ్ళకపోతే ఇల్లు గడవదు. అతను వెళ్ళాక ఈ గదిలో నేనొక్కదాన్నే. నొప్పి వస్తే కింద దుకాణం వాళ్ళకి వినబడేలా కర్రతో నేల కొట్టమన్నారు. వాళ్ళు ఏడింటికి మూసేస్తారు.

ఎవరైనా ఒక్కరు రండి. ఎవరొచ్చినా సరే. పెడల్ ఎవరు తొక్కారో నాకు అక్కర్లేదు, ఆ మాట గుమ్మం బయట వదిలేసి రండి. పక్కన కూర్చునే మనిషి ఒకరు కావాలి నాకు. చచ్చిపోతానేమోనని ఉంది.

మీ పిల్ల

*

మూడో అంతస్తు

అక్కా,

దాని ఉత్తరం నీకూ అంది ఉంటుంది. చదివి నిన్నంతా మంచం మీదే ఉన్నాను. మన గురించి ఎంత మాట రాసింది! చెడామడా తిట్టుకున్నా మనం అక్కచెల్లెళ్ళం, మధ్యలో ఇదెవరు తీర్పు చెప్పడానికి? పిల్లీ ఎలుకా అట. తిన్నింటివాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

నేను వెళ్ళను. వెళితే గెలిచాననుకుంటుంది, ఆ డ్రమ్ములవాణ్ణి అల్లుడూ అని పిలవాల్సి వస్తుంది. దానికి చిన్నప్పట్నుంచీ గోరంతని కొండంత చెయ్యడం అలవాటు. జలుబు చేసినా చచ్చిపోతాననేది. నువ్వూ వెళ్ళకు. ఒకరు వెళితే రెండోవాళ్ళం చెడ్డవాళ్ళం అవుతాం. అదే దాని ఎత్తు.

నిజం చెప్పాలంటే అది ఏనాడూ సరిగ్గా వాయించలేదు. నేను బలవంతపెట్టానంటుందేమో, ఏడ్చి అడిగి మరీ వయొలిన్ కొనిపించుకుంది. కింది వాటాలో ఒక పిల్ల ఉంది, తొమ్మిదేళ్ళది. ఏం చెవి, ఏం చేతులు! నేను పాఠాలు మొదలుపెట్టాను. ఆ వయొలిన్ ఇంకా నీ బీరువా మీదే ఉంటే పంపించు.

ఇంకొక మాట. పడుకుని ఆలోచిస్తుంటే ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. ఆ రోజు పెడల్ ఎవరూ తొక్కలేదక్కా. దానంతట అదే దిగింది. నాన్న ఎవరో వదిలించుకున్న పాత రోలర్ తెచ్చి పెట్టాడు, స్ప్రింగు వదులు. నువ్వు "తియ్యవే, తియ్యవే" అని అరిచావు. ఆ అరుపు నా చెవుల్లో ఉంది. అనవసరంగా ఇన్నేళ్ళు ఒకర్నొకరు పొడుచుకున్నాం.

నీ చెల్లి

*

లాండ్రీ, వెనకగది

చెల్లీ,

స్ప్రింగే. నువ్వు రాయకముందే నేనూ అదే అనుకుంటున్నాను. నాన్న పోయాక విప్పిచూస్తే తుప్పు పట్టి ఉంది కూడా. ఎవరి తప్పూ లేదు. నీ ఉత్తరం చదివి చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాను.

వయొలిన్ పాత దుప్పట్లలో చుట్టి పార్శిలు కట్టించాను, ఈ వారంలో అందుతుంది. ఇక్కడ కూడా కొత్త పిల్ల చేరింది. బంగారపు తునక. నన్ను పెద్దమ్మా అని పిలవమన్నాను, పిలుస్తోంది. బోర్డు సంగతి నెమ్మదిగా చూద్దాం. ఇక్కణ్ణుంచి పారిపోయిన ఆవిడగారి కంటే వెయ్యిరెట్లు నయం. నీ కూతురు వచ్చిన రోజే నాకు తెలుసు, అది పనిదొంగ అని. మూలలన్నీ వంకర. ఆరిందో ఆరలేదో కూడా తెలిసేది కాదు, పచ్చి దుప్పట్లు మడిచి పెట్టి నాకు రెండు హోటళ్ళ దగ్గర మాట తెచ్చింది. దాని మొహం చూసి ఓర్చుకున్నానంటే నీ కోసమే.

అన్నట్టు, ఆ డ్రమ్ములవాడి దగ్గర్నుంచి మొన్న ఉత్తరం వచ్చింది. వాడి రాత కోడి గెలికినట్టుంది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టిందట. పిల్ల బాగానే ఉందట, తల్లే లేవలేదట. ఆస్పత్రిలో స్పృహ వచ్చినప్పుడల్లా "వచ్చారా?" అని అడుగుతోందట. డాక్టర్లు చెయ్యగలిగిందేమీ లేదన్నారట, ఇంకో రెండు రోజులు ఆగుతుందో లేదో, వెంటనే ఎవరైనా ఒక్కరు రమ్మని కాళ్ళావేళ్ళా పడి రాశాడు.

"మీరు చిరునామా పొరబడ్డట్టున్నారు. మా ఇంట్లో అలాంటి అమ్మాయి ఎవరూ లేరు" అని రాసి, కింద లాండ్రీ ముద్ర వేసి పంపేశాను. అబద్ధం రాస్తున్నానన్న బెరుకు కూడా కలగలేదు చెల్లీ, నాకే ఆశ్చర్యమేసింది. కవరు అంటించేముందు దాని ముఖం ఒక్కసారి తలుచుకుందామని కళ్ళు మూసుకున్నాను. కొత్త పిల్ల ముఖమే వచ్చింది.

ఆదివారం తీరిక చేసుకుని పొద్దుటి బండికే వచ్చెయ్యి. పైగది దులిపించి పెడతాను.

అక్క